థాయ్‌లాండ్ వెళ్తున్నాం: డబ్బు ఎలా పట్టుకెళ్ళాలి, అక్కడ ఎలా మసలుకోవాలి?

తెనాలి_కుర్రోడు
అందరికీ నమస్కారం. సంక్రాంతి హడావిడి అయ్యాక నాలుగు కుటుంబాలం కలిసి బ్యాంకాక్, పట్టాయా, ఫుకెట్ చూసొద్దామనుకుంటున్నాం. పిల్లలతో కలిపి పదకొండు మందిమి. మా అత్తగారు, మామగారు కూడా వస్తున్నారు. ట్రావెల్స్ వాళ్ళేమో డాలర్లు పట్టుకెళ్ళమంటున్నారు. మా బావమరిది ఫోన్‌లో యూపీఐ ఉండగా ఇంకేం కావాలంటాడు. ఆఫీసులో ఒకాయన రూపాయలే పట్టుకెళ్ళి అక్కడ మార్చుకోమన్నాడు. ఎవరి మాట వినాలో తెలియక ఇక్కడ అడుగుతున్నా. గుళ్ళలో, హోటళ్ళలో పాటించాల్సినవి ఏమైనా ఉంటే అవి కూడా చెప్పండి. పెద్దవాళ్ళతో వెళ్తున్నాం, అక్కడ మాట పడకూడదు.

బ్యాంకాక్_బాబాయ్
ఇక్కడే ఉద్యోగం కాబట్టి నేనే మొదలుపెడతా.

ముందు మీ బావమరిదికి చెప్పండి, యూపీఐని నమ్ముకుని విమానం దిగొద్దని. కొబ్బరిబోండాల బండి మీద కూడా క్యూఆర్ కోడ్ అంటించి ఉంటుంది, నిజమే. కానీ అది ప్రాంప్ట్‌పే, ఇక్కడి బ్యాంకు ఖాతాల కోసం పెట్టిన ఏర్పాటు. బండి దగ్గర, చిన్న హోటల్లో, రాత్రి సంతలో మీకు నోట్లే దిక్కు.

రూపాయలు తీసుకునే చోట్లు ఉన్నాయి. రేటు చూస్తే మాత్రం కడుపు మండుతుంది. డాలర్లే మేలు, అందులోనూ వంద డాలర్ల నోట్లు. చిన్న నోట్లకి ఇక్కడ తక్కువ రేటు కడతారు. పెన్నుగీత ఉన్నా, అంచు చిరిగినా కౌంటర్లో వెనక్కి తోసేస్తారు. అందుకని ఇండియాలో తీసుకునేటప్పుడే ఒక్కో నోటూ తిప్పి చూసుకోండి, మొహమాటపడొద్దు.

సువర్ణభూమి విమానాశ్రయంలో సామాను తీసుకుని బయటపడగానే బ్యాంకుల కౌంటర్లు వరసగా కనబడతాయి. అక్కడ ఆగకండి. లిఫ్టులో అట్టడుగుకి, ఎయిర్‌పోర్ట్ రైలు ఎక్కే అంతస్తుకి దిగండి. సూపర్‌రిచ్, వాల్యూప్లస్ లాంటి మారకం కౌంటర్లు అక్కడున్నాయి. ఊళ్ళో ఇచ్చే రేటుకి దగ్గరగానే ఇస్తారు. పాస్‌పోర్టు చేతిలో ఉంచుకోండి, అడుగుతారు. పదకొండు మందీ వెళ్ళి క్యూ కట్టక్కర్లేదు, ఇద్దరు వెళ్తే చాలు.

ఇక్కడి డబ్బు బాట్. వెయ్యి బాట్ల నోట్లే తీసుకుంటే టాక్సీ అతను చిల్లర లేదంటాడు. ఇరవైలు, వందలు కొన్ని అడిగి తీసుకోండి.

లెక్కలమాస్టారు
బాబాయ్ గారు చెప్పినదానికి మనవైపు లెక్క కలుపుతాను. ఒక ప్రయాణానికి మనిషి చేతిలో పట్టుకెళ్ళగలిగే విదేశీ నోట్ల పరిమితి 3,000 డాలర్లు. అంతకుమించి కావాలంటే ఫారెక్స్ కార్డులో వేయించుకోవాలి. రూపాయి నోట్లయితే 25,000 దాటకూడదు.

ఏటీఎం సంగతి. మన కార్డు పెట్టి డబ్బు తీసిన ప్రతిసారీ అక్కడి బ్యాంకు 220 బాట్ పట్టుకుంటుంది, కొన్ని బ్యాంకులు అంతకన్నా ఎక్కువే. మన బ్యాంకు వేసేది వేరే. వెయ్యి వెయ్యిగా తీస్తే ఛార్జీలకే సరిపోతుంది. తీస్తే ఒకేసారి పెద్దమొత్తం తీయండి. చివర్లో తెరమీద ‘మా రేటు ప్రకారం రూపాయల్లోకి మార్చమంటారా’ అన్న అర్థం వచ్చే ప్రశ్న ఒకటి వస్తుంది. వద్దు అని నొక్కండి. చూడ్డానికి సాయం చేస్తున్నట్టే ఉంటుంది, నష్టమంతా ఆ ఒక్క మీటలోనే ఉంది. మాల్‌లో కార్డు గీసినా ఇదే ప్రశ్న వస్తుంది, బాట్‌లోనే వెయ్యమనండి.

మామూలు క్రెడిట్ కార్డుల మీద విదేశీ ఖర్చుకి మూడు, మూడున్నర శాతం దాకా అదనం, దాని మీద జీఎస్టీ. హోటల్ డిపాజిట్ లాంటి వాటికి ఒక కార్డు ఉంచుకోండి. బయల్దేరే ముందు బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలు ఆన్ చేసుకోండి. దిగాక ఓటీపీ రాక తిప్పలు పడేవాళ్ళే ఎక్కువ. ప్యాకేజీ మీద ట్రావెల్స్ వాళ్ళు ముందే పట్టే పన్ను, అదే టీసీఎస్, పోయిన డబ్బు కాదు, రిటర్ను వేసేటప్పుడు లెక్కలోకి వస్తుంది. రసీదు దాచండి.

కరీంనగర్_పోరడు
అన్నా, నేను చెప్పేది కాయితాల ముచ్చట. 2023 నవంబర్ల మనకు వీసా లేకుంటనే పోనిచ్చుడు మొదలువెట్టిన్రు, 2024 జూలైల 60 రోజులు చేసిన్రు. కానీ గీ రూల్ ఎప్పుడు మారుస్తరో తెల్వది, టికెట్ కొనేముందు ఎంబసీ సైటు చూసుకోండ్రి.

2025 మే నుంచి టీడీఏసీ అని ఆన్‌లైన్ ఫారం వచ్చింది. దిగే దినానికి మూడు రోజుల లోపల నింపాలె. పైస ఖర్సు లేదు. గూగుల్ల కొడితే పైసలడిగే సైట్లు మస్తుగ వస్తయి, అసొంటివి దొంగవి. సర్కారు సైటుల్నే నింపు.

ఇంకోటి. ఇమిగ్రేషన్‌ల ఒక్కోపారి పైసలు చూపియ్యమంటరు. అందర్ని అడగరు, అడిగితే చూపియ్యాలె. మనిషికి 20,000 బాట్‌కు సరిపోయేటన్ని ఉంటే ఎవ్వడు ఏం అనడు. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ ప్రింటు తీసి పెట్టుకో. నలుగురి పైసలు ఒక్కని జేబుల పెట్టి, ఆ ఒక్కడు ముందు దాటిపోతే ఎనకున్నోళ్ళు ఆగమైతరు.

పద్మక్క_వైజాగ్
గుళ్ళ గురించి నేను చెప్తాను, పెద్దవాళ్ళు వస్తున్నారన్నారు కదా.

బ్యాంకాక్‌లో రాజభవనం, గ్రాండ్ ప్యాలెస్‌కి విదేశీయులకి టికెట్ 500 బాట్. భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలి. పంజాబీ డ్రెస్సు, చీర హాయిగా వెళ్ళిపోతాయి, చేతుల్లేని జాకెట్టు అయితే పైట భుజం నిండా కప్పుకోవాలి. మగవాళ్ళ నిక్కర్లే అసలు గొడవ. గుమ్మం దగ్గర ఆపేస్తే అప్పటికప్పుడు ప్యాంటు కొనుక్కోవాలి. ఎండ మండిపోతుంది, పొద్దున్నే వెళ్ళిపోండి.

చెప్పులు విప్పడం మనకి కొత్త కాదు, దర్శనం చేసుకుని కూర్చునే తీరు మాత్రం చూసుకోవాలి. బుద్ధుడి విగ్రహం వైపు కాళ్ళు చాపకూడదు, కాళ్ళు వెనక్కి మడిచి పక్కకి పెట్టుకుని కూర్చుంటారు. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారైతే చివర గోడ దగ్గర నిలబడి దణ్ణం పెట్టుకున్నా ఎవరూ ఏమీ అనుకోరు. విగ్రహానికి వీపు పెట్టి, ఎగిరి గెంతి ఫొటోలు దిగొద్దు.

ఆడవాళ్ళు భిక్షువులని తాకకూడదు, చేతికి నేరుగా ఏదీ అందించకూడదు. బస్సులో పక్క సీటులో కూడా కూర్చోరు. ఏదైనా సమర్పించాలంటే మీవారి చేత ఇప్పించండి, లేదా ఆయన పరిచిన గుడ్డ మీద పెట్టండి. ముద్దొచ్చాడని అక్కడి పిల్లాడి తల నిమరడం కూడా వద్దు. మనకి అది ఆశీర్వాదం, వాళ్ళకి తల పవిత్రం.

తెనాలి_కుర్రోడు
అమ్మో, ఇవేవీ తెలియవు. అక్కా, చాలా థాంక్స్. వాళ్ళు చేతులు జోడిస్తే మనమూ జోడించాలా?

బ్యాంకాక్_బాబాయ్
జోడించండి, మంచిదే. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకి ముందు దణ్ణం పెట్టడం ఇక్కడి పద్ధతి. హోటల్లో బల్ల తుడిచే అమ్మాయి పెడితే నవ్వి తల ఊపితే చాలు, మీ మామగారు వంగి వంగి పెడితే ఆ పిల్లే ఇబ్బంది పడుతుంది.

ప్యాలెస్ మాట వచ్చింది కనుక ఒక సంగతి. గేటుకి కాస్త దూరంలో చక్కగా బట్టలు వేసుకున్న మనిషి ఎదురై ‘ఈరోజు పూజ ఉంది, మూసేశారు, ఇంకో గుడి చూపిస్తా, ఆటోకి ఇరవై బాటే’ అంటాడు. ప్యాలెస్ తెరిచే ఉంటుంది. ఆ ఆటో మిమ్మల్ని రత్నాల కొట్టుకో, సూట్లు కుట్టే కొట్టుకో తీసుకెళ్తుంది. మర్యాదగా తల ఊపి నేరుగా టికెట్ కిటికీ దాకా నడవండి.

బంగార్రాజు99
ఇన్ని రూల్సా! మనం లక్షలు పోసి వెళ్తున్నాం, వాళ్ళ బతుకు మన టూరిస్టుల మీదే. కాస్త సరదాగా ఉండనివ్వండి. కుర్రోడూ, రాత్రిపూట రూములో పేకాట పెట్టుకోండి, అలసట తీరిపోద్ది.

తెనాలి_కుర్రోడు
హహ, అదైతే ముందే ప్లాను చేశారు మావాళ్ళు. మూడు కట్టలు కొన్నారు, పదమూడు ముక్కలాట.

కరీంనగర్_పోరడు
అన్నా ఆ కట్టలు ఇంట్ల పెట్టి పో! నవ్వులాట కాదు.

బ్యాంకాక్_బాబాయ్
పోరడు చెప్పింది అక్షరాలా నిజం. దీనిమీద కాస్త ఎక్కువ రాస్తాను, మనవాళ్ళు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే.

థాయ్‌లాండ్‌లో జూదం నిషేధం. ప్రభుత్వ లాటరీ, అనుమతి ఉన్న గుర్రప్పందాలు లాంటివి తప్పిస్తే మిగతాదంతా నేరమే. ‘మా రూములో మేము, మా డబ్బు మాది’ అన్న వాదన నిలబడదు. 2023 మే మొదట్లో పట్టాయాలో ఒక హోటల్ మీద పోలీసులు దాడి చేసి తొంభై మందికి పైగా పట్టుకున్నారు. అందులో ఎక్కువమంది భారతీయులే. మన పేపర్లు, టీవీలు రోజుల తరబడి చూపించాయి, గుర్తుండే ఉంటుంది. అది పెద్దఎత్తున నడిపిన వ్యవహారం, మీది పావలా పందెం అనొచ్చు.

అయితే ఇది వినండి. పేకముక్కల మీద కూడా ఇక్కడ ఒక నియమం ఉంది. అనుమతి లేకుండా ఒక మనిషి దగ్గర 120 ముక్కలకి మించి ఉండకూడదు. 2016లో ఇదే పట్టాయాలో బ్రిడ్జి ఆడుతున్న 32 మంది విదేశీయులని, ఎక్కువమంది ముసలివాళ్ళే, స్టేషనుకి తీసుకెళ్ళారు. బల్ల మీద డబ్బు కూడా లేదు. మీ మూడు కట్టలు జోకర్లు తీసేసినా 156 ముక్కలు. లెక్క మీరే చూసుకోండి.

లెక్కలమాస్టారు
రెండు కట్టలే పట్టుకెళ్తే 104, పరిమితిలోనే ఉంటారని ఎవరో అనేలోపు నేనే చెప్తున్నా: పందెం పెడితే ఒక్క కట్టయినా నేరమే. అష్టాచెమ్మా గవ్వలు తీసుకెళ్ళండి, పిల్లలూ ఆడతారు.

బంగార్రాజు99
సరే పేకాట మానేస్తాం. మిగతావాటికి కూడా భయపడుతూ బతకాలంటే ఎట్లా?

బ్యాంకాక్_బాబాయ్
భయం అక్కర్లేదు తమ్ముడూ. ఇక్కడివాళ్ళు పర్యాటకుడి తప్పులు చాలావరకు నవ్వి వదిలేస్తారు. వదలనివి రెండు మూడున్నాయి.

మొదటిది రాజు. రాజకుటుంబాన్ని అవమానిస్తే 112వ సెక్షన్ కింద ఒక్కో నేరానికి మూడు నుంచి పదిహేనేళ్ళ జైలు. విదేశీయుడని మినహాయింపు లేదు. నోట్ల మీద, నాణేల మీద ఉన్నది రాజు బొమ్మ. గాలికి ఎగిరిపోతున్న నోటుని చెప్పుకాలితో తొక్కి ఆపొద్దు. పొద్దున ఎనిమిదికీ, సాయంత్రం ఆరుకీ స్టేషన్లలో, పార్కుల్లో జాతీయగీతం వస్తుంది. అందరూ ఆగితే మీరూ ఆగండి, నిమిషం పని.

రెండోది ఈ-సిగరెట్. కుర్రాళ్ళెవరైనా జేబులో వేసుకుంటే విజయవాడలోనే వదిలేయించండి. తేవడమూ నేరమే, దగ్గర ఉండడమూ నేరమే. మామూలు సిగరెట్ మనిషికి 200, మందు ఒక లీటరు వరకు తెచ్చుకోవచ్చు. ఎవరి వంతు వాళ్ళే మోయాలి. డ్యూటీఫ్రీలో నలుగురిదీ కొని ఒకడి సంచిలో వేస్తే, కస్టమ్స్ వాళ్ళ దృష్టిలో అదంతా ఆ ఒకడిదే. జరిమానా గట్టిగా వేస్తారు. ఫుకెట్‌లో పటాంగ్ లాంటి కొన్ని బీచ్‌ల ఇసుకలో సిగరెట్ ముట్టించినా కేసే, లక్ష బాట్ దాకా జరిమానా ఉంది.

మూడోది చట్టం కాదు, మన గోల. ఇక్కడ ఎవరూ గొంతు పెంచరు. రిసెప్షన్‌లో గది ఆలస్యమైందని మనం బల్ల చరిస్తే పని తొందరగా అవదు, ఎదుటి అమ్మాయి నవ్వుతూనే నెమ్మదిస్తుంది. ఆ నవ్వు ఒప్పుకున్నట్టు కాదు. ఇద్దరికి తీసుకున్న గదిలో ఐదుగురు పడుకోవడం, టిఫిన్ బఫేలో ఇడ్లీ దొరకలేదని బ్రెడ్డూ అరటిపళ్ళూ మధ్యాహ్నానికి మూటగట్టడం, కారిడార్‌లో అర్ధరాత్రి స్పీకర్లో పాటలు... ఇవన్నీ హోటల్ వాళ్ళు చూస్తారు. మీరు బిల్లు కట్టి వచ్చేస్తారు, తరవాత వచ్చే తెలుగు కుటుంబానికి లిఫ్టు పక్క గది ఇస్తారు.

పద్మక్క_వైజాగ్
బాగా చెప్పారు. బంగార్రాజు గారూ, లక్షలు పోశామనే మాట అక్కడ అనకండి, ప్లీజ్. తిరుపతిలో మన ఊరివాళ్ళు కానివాళ్ళు అలా అంటే మనం ఊరుకుంటామా?

బంగార్రాజు99
ఒప్పుకున్నా అక్కా 🙏 మరి టిప్పు? అమెరికాలో లాగా పదిహేను శాతం ఇవ్వాలా? నాకైతే ఎక్కడా టిప్పు ఇవ్వడం ఇష్టం లేదు, జీతం ఇచ్చేది యజమాని.

లెక్కలమాస్టారు
ముందు బిల్లు చూడండి. పెద్ద రెస్టారెంట్లలో మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటాయి. 10 శాతం సర్వీస్ ఛార్జీ, 7 శాతం వ్యాట్ చివర్లో కలుస్తాయని అర్థం. సర్వీస్ ఛార్జీ వేశాక మళ్ళీ టిప్పు అక్కర్లేదు. రోడ్డు పక్క తింటే ఎవరూ ఆశించరు.

బ్యాంకాక్_బాబాయ్
నేను మాస్టారితో సగమే ఏకీభవిస్తా. మసాజ్ చేసిన ఆవిడకి 50, 100 బాట్ చేతిలో పెట్టడం మర్యాద. సామాను మోసిన కుర్రాడికి ఇరవై. టాక్సీలో మీటరు 87 అయితే 90 ఇచ్చి దిగిపోవడం. నాణేలు విసిరినట్టు బల్ల మీద పడేయకండి, అంతకన్నా ఇవ్వకపోవడమే నయం.

టాక్సీ అంటే గుర్తొచ్చింది. మీటరు వెయ్యనన్నవాడి బండి ఎక్కొద్దు. విమానాశ్రయం క్యూలోంచి ఎక్కితే మీటరు మీద 50 బాట్, టోల్ డబ్బులు వేరుగా ఇవ్వాలి, అది మోసం కాదు. పదకొండు మందికి గ్రాబ్‌లో (మన ఓలా, ఉబర్ లాంటి యాప్) పెద్ద వ్యాన్లు చూసుకోండి. బ్యాంకాక్ లోపల తిరగడానికి మెట్రో అన్నిటికన్నా సుఖం. ఎంఆర్‌టీ గేటు దగ్గర ట్యాప్ చేసే వీసా, మాస్టర్‌కార్డ్ బ్యాంకు కార్డులు నేరుగా పనిచేస్తాయి. లోపల తినకూడదు, తాగకూడదు, జంతికలు కూడా.

తెనాలి_కుర్రోడు
బేరం ఆడొచ్చా? మా అత్తగారు బేరం ఆడకుండా కొత్తిమీర కట్ట కూడా కొనరు. పైగా ఆవిడ శాకాహారి.

పద్మక్క_వైజాగ్
సంతల్లో ఆడొచ్చు. క్యాలిక్యులేటర్ మీద అంకె కొట్టి చూపిస్తారు, మనమూ కొట్టి చూపించాలి. నవ్వుతూ ఆడితే తగ్గుతారు. వాళ్ళు ఒప్పుకున్నాక కొనకుండా వెళ్ళిపోవడం మాత్రం తప్పు. ధర అంటించిన కొట్లలో, మాల్‌లో, తిండి దగ్గర బేరం లేదు.

శాకాహారం కాస్త కష్టమే. కూరలన్నీ కూరగాయలే కనిపిస్తాయి, లోపల చేపసారం ఉంటుంది, రొయ్యల ముద్ద ఉంటుంది. శాకాహారమని చెప్తే ముక్కలు తీసేసి పెడతారు, సారం అలాగే ఉంటుంది. ‘జే’ అని అడగండి. పసుపు బోర్డు మీద ఎర్ర అక్షరాలతో రాసిన కొట్లు అవే. మాంసం, చేప, గుడ్డు ఏదీ తగలదు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. బ్యాంకాక్‌లో పాహురత్ వైపు మన ఉత్తరాది హోటళ్ళున్నాయి. సీలోమ్‌లో మారియమ్మన్ గుడి కూడా చూపించండి అత్తగారికి, సంతోషపడతారు. పొడులు, పచ్చళ్ళు గట్టిగా కట్టి చెక్-ఇన్ సామాన్లో వెయ్యండి.

కరీంనగర్_పోరడు
ఫుకెట్ల స్కూటీ కిరాయికి తీసుకుంటమంటే జర సోంచాయించు. మన ఆర్టీఏ ఆఫీసుల ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోకుంటే పోలీసోళ్ళు ఫైన్ ఏస్తరు, అది చిన్నది. పడితే ఇన్సూరెన్సు పైస ఇయ్యదు, అది పెద్దది. పాస్‌పోర్టు డిపాజిట్ పెట్టమంటే ఇయ్యకు, కాపీ ఇయ్యి, పైసలు డిపాజిట్ పెట్టు. బండి, జెట్‌స్కీ ఏది తీసుకున్నా ముందే సుట్టూ వీడియో తియ్యి, మనం తీస్తుంటే కిరాయికిచ్చేటోడు కూడ చూడాలె. పాత గీత చూపెట్టి ఇరవై వేల బాట్ అడిగేటోళ్ళున్నరు. లొల్లి పెట్టుకోకు, 1155కి ఫోన్ కొట్టు, అది టూరిస్టు పోలీసు, ఇంగ్లీషుల మాట్లాడ్తరు.

తెనాలి_కుర్రోడు
ఆఖరి ప్రశ్న, ఇది మా ఇంట్లోవాళ్ళు అడగమన్నది. అక్కడ బంగారం చవకట కదా?

లెక్కలమాస్టారు
బ్యాంకాక్ చైనాటౌన్‌లో యావరాత్ వీధిలో బంగారం కొట్లన్నీ ఎర్రగా మెరిసిపోతుంటాయి, చూడ్డానికి తీసుకెళ్ళండి. అక్కడ తూకం కూడా బాట్‌లోనే చెప్తారు, నగకి ఒక బాట్ అంటే 15.16 గ్రాములు. మేలిమి 96.5 శాతం, మన 22 క్యారెట్ కన్నా ఎక్కువ. తరుగు మనకన్నా తక్కువే. కానీ తిరిగొచ్చేటప్పుడు సుంకం లేకుండా నగ తెచ్చుకునే సౌకర్యం ఏడాదికి పైగా విదేశంలో ఉన్నవాళ్ళకే. వారం రోజుల టూరుకి వెళ్ళినవాళ్ళకి అది వర్తించదు. కొంటే రెడ్ ఛానెల్‌లోకి వెళ్ళి సుంకం కట్టాలి, అప్పుడు చవక ఏమీ మిగలదు. ఇంట్లోంచి వేసుకెళ్ళే నగలు కూడా తక్కువ పెట్టుకోండి. ఎక్కువుంటే వెళ్ళేటప్పుడే మన కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే, వచ్చేటప్పుడు ఇది ఎక్కడిదని అడిగినా చూపించొచ్చు.

పద్మక్క_వైజాగ్
బంగారం బదులు వ్యాట్ వాపసు సంగతి చూడండి. ఒకే కొట్టులో ఒకేరోజు 2,000 బాట్ దాటితే పాస్‌పోర్టు చూపించి ఫారం రాయించుకోవాలి. కొన్నవి మొత్తం 20,000 బాట్‌కి చేరితే విమానాశ్రయంలో సామాను ఇచ్చేయకముందే కస్టమ్స్ ముద్ర వేయించుకోవాలి, డబ్బు లోపల ఇస్తారు. క్యూ పెద్దదే, గంట ముందు బయల్దేరండి. ఇంకో మాట, బుద్ధుడి విగ్రహాలు షోకేసులో పెట్టుకోడానికని కొనకండి. దేశం దాటించాలంటే లలితకళల శాఖ అనుమతి కావాలి. మెళ్ళో వేసుకునే చిన్న బిళ్ళకి అభ్యంతరం ఉండదు.

తెనాలి_కుర్రోడు
అందరికీ పేరుపేరునా థాంక్స్. మా బావమరిదికి ఈ లింకు పంపాను, ‘మరి క్యారమ్ బోర్డు తీసుకెళ్ళొచ్చా’ అని అడుగుతున్నాడు.

లెక్కలమాస్టారు
తీసుకెళ్ళొచ్చు. సామాను బరువు ఎవరు కడతారో ముందు తేల్చుకోండి.